పిచ్చకుంచం ఎవరి చేతిలో ఉన్నది?

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడాడట" అని మనకొక సామెత ఉన్నది. ఈమధ్య విశాఖపట్నంలో జరిగిన ఒక చిన్న గోష్ఠిలో ఒక మిత్రుడు ఈ సామెత చెప్పి బాగా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆయన తాను రాసిన ప్రోగ్రాంను మూలంతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చినవాడు. అందులో ఫలానా దోషమున్నదని రాసిపంపేవాళ్ళ మీద ఆయనకు పట్టరాని కోపం. "డబ్బు పుచ్చుకోలేదు, హామీ ఇవ్వలేదు. ఇష్టమైతే వాడుకోండి, లేకపోతే మానుకోండి. తప్పులెన్నే హక్కు మీకెక్కడిది?" అన్నది ఆయన వాదం. సభలో సగంమంది ప్రోగ్రాములు రాసేవాళ్ళే. వాళ్ళ మనసులో మాట ఆయన చెప్పాడు. నేను కూడా అటువంటి ఒక చిన్న ప్రోగ్రాంకు కర్తనే. దానికి వచ్చే బగ్ రిపోర్టులను చదవవలసినవాణ్ణే. అయినా నేను చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పటానికే ఈ వ్యాసం.

సాహిత్య విమర్శ కోసం నడిచే పత్రికలో ఈ గొడవ దేనికని కొందరు అడుగుతారు. తెలుగు అక్షరం ఇవాళ కాగితం మీదికి గాని, ఫోను అద్దం మీదికి గాని ఒక ప్రోగ్రాం చేతుల మీదుగా తప్ప రావటం లేదు. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లలో మన గుణింతాలనూ ఒత్తులనూ కూర్చిపెడుతున్నది. అది తప్పు చేస్తే మన రాత తప్పుతుంది. కనుక ఆ తప్పును ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి, ఎట్లా వినాలి అనే ప్రశ్న భాషకు సంబంధించిన ప్రశ్నే. అంతకన్నా ముఖ్యంగా, ఇది విమర్శకు సంబంధించిన ప్రశ్న. తన రచనలో దోషం చూపినవాణ్ణి శత్రువుగా చూసే కవికీ, బగ్ రిపోర్టు రాసినవాణ్ణి కృతఘ్నుడిగా చూసే ప్రోగ్రామరుకూ నాకు భేదం కనిపించదు.

ముందు సామెత సంగతి తేల్చుకుందాం. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. అంటే పుట్టెడు ధాన్యం 80 కుంచాలు. అంత ధాన్యం ఊరికే ఇస్తున్న మనిషితో, కొలిచే కుంచం కొంచెం తక్కువగా ఉన్నదని తగాదా పెట్టుకునేవాడు నిజంగా అల్పుడే. నేను కాదనను. కాని ఆ మిత్రుడు ఒక చిన్న విషయం మరిచిపోయాడు. మనం ఇస్తున్నది ధాన్యం కాదు, కుంచం. ధాన్యం ఒక ఇంటివాళ్ళు ఒకసారి వండుకొని తింటారు. తాలు గింజలుంటే ఏరి పారేసుకుంటారు. కుంచం అట్లా కాదు. దానితో ఊరంతా కొలుస్తుంది. కూలివాడి కూలి దానితోనే కొలుస్తారు; రైతు శిస్తూ దానితోనే కొలుస్తారు. అటువంటి కుంచాన్ని తయారుచేసి రచ్చబండ మీద పెట్టి, "ఉచితంగా ఇచ్చాను, సరిగా ఉన్నదా లేదా అని అడక్కండి" అనే హక్కు ఎవరికీ లేదు. తీసుకోవటానికొక కుంచం, ఇవ్వటానికొక కుంచం పెట్టుకున్న కామందుల చరిత్ర తెలిసిన మనకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కొలతలు ఒక్కొక్కరి ఇష్టానికి వదలరాదనే 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాలకు చట్టం చేసింది.

ఇదంతా ఇతరులకు నీతులు చెప్పటానికి రాస్తున్నానని అనుకోవద్దు. ఈ నేరం నేనే చేశాను. అది ఎట్లా జరిగిందో దాచకుండా చెబుతాను.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. పద్యపాదంలో గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతిప్రాసలు సరిచూసే ప్రోగ్రాం ఒకటి సాయంత్రాలు కూర్చొని రాశాను. అటువంటివి మరికొన్ని ఇదివరకే ఉన్నాయి. నాది వాటిలో చిన్నది. విద్యార్థుల సౌకర్యం కోసమని మూలంతో సహా బయటపెట్టాను. రెండేళ్ళు గడిచేసరికి నా సౌకర్యం కోసం నేనే వాడుకోవటం మొదలుపెట్టాను. కాలేజీలో పద్యరచన పోటీ పెట్టినప్పుడు వచ్చిన పద్యాలన్నిటినీ మొదట దానిలో వేశాను. గణభంగమని అది చెప్పినవాటిని పక్కన పెట్టి, మిగిలినవే చదివాను.

పక్కన పెట్టినవాటిలో ఒక అమ్మాయి రాసిన ఆటవెలది ఉన్నది. బేసి పాదంలో ఇంద్రగణం రావలసినచోట ఆమె "అది ప్రశ్న" అని వేసింది. నా ప్రోగ్రాం "ది" తరువాత "ప్ర" అనే సంయుక్తాక్షరాన్ని చూసి "ది"ని గురువు అన్నది. అప్పుడు లఘువు, గురువు, గురువు, లఘువు అవుతాయి. అటువంటి ఇంద్రగణం లేదు. కాబట్టి గణభంగం!

ఛందస్సు చదివిన ఏ విద్యార్థికైనా ఇందులో తప్పేమిటో తెలుస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం ఒకే పదంలో వర్తిస్తుంది. సంస్కృత సమాసంలో వర్తిస్తుంది. "సూర్యప్రభ"లో "ర్య" గురువే. కాని "అది", "ప్రశ్న" అనేవి విడి పదాలు. వాటికి సమాసం లేదు. అక్కడ "ది" లఘువే. రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు: అది సలము, నిక్షేపమైన ఇంద్రగణం. తాళపత్రం మీద పదాల మధ్య ఎడం ఉండనట్టే నా ప్రోగ్రాం కూడా పాదాన్నంతా ఒకే అక్షరాల దండగా చదువుతున్నది. ఇది పాఠం చెప్పేటప్పుడు నాకు తెలుసు. ప్రోగ్రాం రాసేటప్పుడు నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. నా ప్రోగ్రాం దోషాలు రాసే చోట నాలుగు పంక్తులు రాసింది. ఏ పాదం వేసిందో, ప్రోగ్రాం ఏమి చెప్పిందో, ఏమి చెప్పి ఉండవలసిందో రాసి, "సార్, ఇక్కడ సమాసం లేదు కదండీ" అని ముగించింది. అంతకన్నా మంచి బగ్ రిపోర్టు నాకు అంతవరకూ రాలేదు. నేనేమి చేశాను? పరీక్ష పేపర్లు దిద్దుతూ విసుగులో ఉన్నాను. పోటీలో ఓడిపోయిన పిల్ల ఉక్రోషంతో రాసిందనుకున్నాను. "సంయుక్తాక్షరానికి ముందు అక్షరం గురువు. ముందు ఛందస్సు చదువుకో" అని ఒక ముక్క రాసి ఆ రిపోర్టును మూసేశాను. బహుమతులు పంచేశాం. ఆ అమ్మాయి ఆ తరువాత నా క్లాసులో నోరు విప్పి ఏదీ అడగలేదు.

ఏడు నెలల తరువాత ఒక ప్రబంధపద్యం వేసి చూస్తే అందులో కూడా గణభంగమని నా ప్రోగ్రాం చెప్పింది. అప్పుడు గాని నేను కళ్ళు తెరవలేదు. ప్రాచీనకవి తప్పు చేశాడంటే ప్రోగ్రాంను అనుమానించాను. విద్యార్థిని తప్పు చేసిందంటే విద్యార్థినినే అనుమానించాను. తప్పు చెప్పినవాళ్ళ స్థాయిని బట్టి తప్పును తూచే ఈ బుద్ధి ఎక్కడిదో అభ్యుదయ రచయితలకు నేను చెప్పాలా?

ఇప్పుడు మిత్రుడి వాదానికి వద్దాం. "హామీ లేదని లైసెన్సులోనే రాశాం" అంటాడు. నిజమే. జీపీఎల్ మొదలుకొని దాదాపు అన్ని స్వేచ్ఛా లైసెన్సులలోనూ ఆ వాక్యం ఉంటుంది. అది ఉండవలసిందే. ఊరికే పనిచేసినవాణ్ణి నష్టపరిహారం కోసం కోర్టుకు ఈడ్చకుండా అది కాపాడుతుంది. కాని కోర్టు నుంచి కాపాడే వాక్యం విమర్శ నుంచి కాపాడదు. "ఇందలి దోషములకు మేము బాధ్యులము కాము" అని పుస్తకం మొదట అచ్చువేసిన కవిని సమీక్షించరాదని ఎవరైనా అంటారా?

అసలు ఈ ఉద్యమం ఎట్లా పుట్టిందో మిత్రుడు గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో పనిచేస్తుండిన రిచర్డ్ స్టాల్‌మన్, అక్కడి ప్రింటరులో కాగితం ఇరుక్కుపోతే అందరికీ తెలిసేటట్టు దాని ప్రోగ్రాంను సవరించాలనుకున్నాడు. ప్రోగ్రాం మూలం ఇవ్వటానికి నిరాకరించారు. ఇటువంటి అనుభవాల నుంచి, 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. అంటే, దోషాన్ని చూసినవాడు దాన్ని దిద్దుకోగలగాలి, దిద్దటం రానివాడు దిద్దగలవాడికి చెప్పగలగాలి అన్న హక్కు ఈ ఉద్యమానికి పునాది. ఆ హక్కును అడిగినవాణ్ణి అల్పుడనటం ఉద్యమాన్ని తల్లకిందులుగా నిలబెట్టటం.

బగ్ రిపోర్టు అంటే ఏమిటో నాకు నేర్పినవాడు ప్రోగ్రామరు కాదు. ఉక్కు కర్మాగారంలో మరమ్మతు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. గాజువాకలో ఉంటాడు, కందపద్యాలు రాస్తాడు, నా ప్రోగ్రాం వాడతాడు. నా తప్పు సంగతి చెప్పుకొని సిగ్గుపడుతుంటే ఆయన నవ్వి, "మాస్టారూ, మా దగ్గర షిఫ్టు దిగేముందు లాగ్ బుక్కు రాస్తాం కదండీ. ఏ మిషను, ఎన్ని గంటలకు, అప్పుడేం నడుస్తోంది, ఏం చప్పుడొచ్చింది, మనం ఏం చేశాం, ఏం చెయ్యకుండా వదిలేశాం, అన్నీ రాసి దిగిపోతాం. తరవాత షిఫ్టువాడు అది చదివాకే చెయ్యి పెడతాడు. అందులో మిషను బాగులేదని రాస్తే ఎవడికీ కోపం రాదండీ. రాయకపోతేనే కోపం" అన్నాడు.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ అన్నం పేరూ పెట్టుకున్న ఆ బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర దోషాన్ని దాచటమంటే మనిషి ప్రాణం తీయటమే. అక్కడ లాగ్ బుక్కు నింద కాదు. ఒక షిఫ్టు మరొక షిఫ్టుకు అప్పగించే బాధ్యత. విచిత్రమేమంటే కంప్యూటరు చరిత్రలో పేరుపడ్డ మొదటి "బగ్" కూడా లాగ్ బుక్కులోనే ఉన్నది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్ 2 యంత్రంలో ఒక రిలేలో ఇరుక్కున్న పురుగును తీసి, దానిమీద పనిచేసేవాళ్ళు ఆనాటి పుటలో అంటించి పెట్టారు. యంత్రదోషాన్ని పురుగు అనటం అంతకుముందే ఉన్నది. కాని ఆ పురుగును దులిపి పారెయ్యకుండా తేదీతో, వేళతో పుటలో అంటించినవాళ్ళ బుద్ధి గొప్పది.

ఆ పెద్దాయన మాట విన్నాక నేను నాకొక క్రమం ఏర్పరచుకున్నాను. వచ్చిన ప్రతి రిపోర్టుకూ "అందింది" అని జవాబిస్తాను. ఎప్పుడు చూస్తానో తెలియకపోతే తెలియదని రాస్తాను. దోషాన్ని నా ముందు మళ్ళీ పుట్టించి చూస్తాను. పుట్టకపోతే రాసినవాడు అబద్ధమాడాడనుకోకుండా ఏ ఫోను, ఏ కీబోర్డు అని అడుగుతాను. తిరస్కరించవలసి వస్తే కారణం రాసి తిరస్కరిస్తాను. దిద్దినదాని పక్కన దోషం చెప్పినవారిని, వారికి ఇష్టమైతే, పేర్కొంటాను. ఫలానా రోజులు గడిచాయి గనుక చదవకుండానే మూసేసే ఏర్పాటు కొందరు యంత్రానికి అప్పగించి పెట్టుకున్నారు. ఆ పని నేను చెయ్యను. చూసే తీరిక లేకపోతే తెరిచే ఉంచుతాను. తీరని దోషం పట్టికలో కనపడటం నాకు అవమానం కావచ్చు. కాని అది నిజం.

ఇక రెండో వాదం. ఇది మొదటిదానికంటే బరువైనది, దీన్ని తేలికగా తోసిపుచ్చలేను. "నిర్వాహకుడు ఒక్కడు, అడిగేవాళ్ళు వేలు, అతను మనిషి కాడా?" అంటారు. నిజంగా మనిషే. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే దోషం బయటపడినప్పుడు లోకానికి ఒక సంగతి తెలిసింది. ఇంటర్నెట్టులో రహస్యాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ మీద లోకంలోని పెద్ద వ్యాపారాలన్నీ ఆధారపడి ఉండగా, దానికి ఏడాదికి వస్తుండిన విరాళాలు సుమారు 2000 డాలర్లు. 2021 డిసెంబరులో లాగ్4జె దోషం బయటపడినప్పుడు కూడా నిద్ర మానుకొని దిద్దింది స్వచ్ఛంద కార్యకర్తలే. ఇంకా దారుణమైనది ఎక్స్‌జెడ్ కథ. దాన్ని ఒంటిచేత్తో నడుపుతుండిన లాసె కాలిన్ మీద 2022లో కొందరు అపరిచితులు "ఆలస్యం చేస్తున్నావు, పక్కకు తప్పుకో" అని వరసగా ఒత్తిడి తెచ్చారు. సాయం చేస్తానని వచ్చిన జియా టాన్ అనే పేరుగల వ్యక్తి చేతికి బాధ్యత చేరింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల కూర్పులలో దొంగదారి చేరింది. ఫిర్యాదునే ఆయుధం చేసుకున్నారన్నమాట. యంత్రాలు కల్పించిన దొంగ రిపోర్టులు తమ కాలాన్ని తినేస్తున్నాయని కర్ల్ నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచీ బహిరంగంగా చెబుతున్నాడు.

ఇవన్నీ నిజాలే. కాని వీటి నుంచి మిత్రుడు తీసే నిర్ణయం తప్పు. ఎక్స్‌జెడ్ దొంగదారి ఎట్లా బయటపడింది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించటానికి సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని గమనించి, ఎందుకని తవ్వి, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అంటే లోకాన్ని కాపాడింది కూడా ఒక బగ్ రిపోర్టే! అర సెకనుకు పోట్లాడటమేమిటని ఎవరైనా ఆయన నోరు మూయించి ఉంటే ఏమయ్యేది?

ముగ్గురు వేరువేరు మనుషులను ఒకే గాటను కట్టటంలో ఉన్నది మోసమంతా. ఒకడు వాడుకుంటూ దోషం చూసి చెప్పే సామాన్యుడు. రెండోవాడు ఆ ప్రోగ్రాం మీద కోట్లు గడిస్తూ, నిర్వాహకుడికి దమ్మిడీ ఇవ్వకుండా, రేపటిలోగా దిద్దమని హుకుం జారీచేసే సంస్థ. మూడోవాడు దొంగ. రెండోవాడి దోపిడీ మీద, మూడోవాడి దుర్మార్గం మీద రావలసిన కోపాన్ని మొదటివాడి మీద చూపిస్తున్నాం. ఎందుకంటే మొదటివాడు తిరిగి ఏమీ చెయ్యలేడు. యజమాని మీది కోపం ఇంట్లో పిల్లల మీద తీర్చుకోవటం వంటిది ఇది.

నిర్వాహకుడి అలసటకు మందు రిపోర్టులను మూసెయ్యటం కాదు, పనిని పంచటం. చెరువు గట్టు తెగితే ఒక్కడే మట్టి మొయ్యలేడు. మన పల్లెల్లో కుడిమరామత్తు అని ఒక ఏర్పాటు ఉండేది. నీరు పారించుకునే రైతులంతా చెరువూ కాలవా బాగుచెయ్యటానికి మనుషులను పంపాలి. ఎక్కువ పొలం తడుపుకునేవాడు ఎక్కువమందిని పంపటమే న్యాయం. ఆ న్యాయాన్ని ఇక్కడ అమలు జరపమని పోరాడుదాం: లాభం పొందే సంస్థలు నిర్వాహకులకు జీతాలివ్వాలి. ప్రభుత్వాలు తాము వాడే ప్రోగ్రాముల మరమ్మతుకు ఖర్చు పెట్టాలి. అంతేగాని గట్టు మీద గండి చూసి కేక వేసినవాణ్ణి కొట్టవద్దు.

మూలం దాచిన ప్రోగ్రాంలో దోషముంటే ఏమవుతుందో తెలుగువాళ్ళం చూశాం. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో, అంటే మధ్యలో కంటికి కనబడని విభాజకం ఒకటి చేరి వస్తే, ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలిపోయేవి. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతున్నదని లోకమంతా నవ్వుకుంది. దోషం యాపిల్ ప్రోగ్రాంలో ఉంటే నింద అక్షరం మీద పడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేవరకూ మనం చెయ్యగలిగింది కాచుకొని ఉండటమే. లోపల ఏమి జరుగుతున్నదో తెరిచి చూసే వీలు మనకు లేదు. అదే, లోపాన్ని ఆధారాలతో చెప్పుకునే దారి ఉన్నచోట మనకేమి దక్కిందో చూడండి. ౘ, ౙ లు 2008లో యూనికోడులో చేరాయి. పాతరాతలలోని నకారపొల్లుకు 2021లో యూనికోడ్ 14.0లో సొంత స్థానం దొరికింది. లోటును చెప్పేవాళ్ళుంటేనే ఇటువంటివి చేరతాయి. ఎవరి దయవల్లా చేరవు.

మనకిది కొత్త సంప్రదాయం కూడా కాదు. బ్రౌను పండితులను పెట్టి ప్రతులు పోల్చి పాఠభేదాలు రాయించాడు. ఒక ప్రతిలోని తప్పును మరొక ప్రతి చెప్పింది. గిడుగు రామమూర్తి గ్రాంథికవాదుల రచనల్లోంచే వాళ్ళ వ్యాకరణదోషాలు ఏరి చూపాడు. ఆయన మీద కోపగించినవాళ్ళు ఆ దోషాలు దోషాలు కావని నిరూపించలేకపోయారు, చూపటానికి నువ్వెవరివన్నారు. "నువ్వెవరివి?" అన్న ఆ ప్రశ్ననే నేను ఒక విద్యార్థినికి వేశాను.

ఆమె రిపోర్టును మళ్ళీ తెరిచాను. తప్పు నాదని అదే చోట, అందరూ చూసేటట్టు రాశాను. దిద్దుబాటు సులభం కాలేదు. ఎడముంటే విడి పదమనుకుందామంటే, "సూర్య ప్రభ" అని విడదీసి రాసేవాళ్ళున్నారు. సమాసమవునో కాదో అక్షరాలను బట్టి చెప్పటం నా ప్రోగ్రాంకు శక్యం కాదు. కాబట్టి ఇప్పుడది అటువంటిచోట తీర్పు చెప్పదు. రెండు విధాలా చదివి చూపి, నిర్ణయం మనిషికి వదిలేస్తుంది. పోటీ ఫలితాన్ని మార్చటం నా చేతిలో లేకపోయింది. బహుమతి వేరొకరు తీసుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. ప్రోగ్రాం చెప్పిందని ఒక పద్యాన్ని చదవకుండా పక్కన పెట్టటం మాత్రం ఆనాటితో మానేశాను.

ఆమెకు క్షమాపణ రాసి పంపాను. నాలుగు రోజుల తరువాత జవాబు వచ్చింది. అందులో కృతజ్ఞతా లేదు, నిష్ఠూరమూ లేదు. "సార్, 'అద్రుచు' అనే మాటలో రేఫను తేల్చి పలికితే ముందక్షరం లఘువు కావాలి కదండీ. మీ ప్రోగ్రాం గురువంటోంది" అని ఉన్నది.

ఆమె చెప్పింది నిజమే. ఇంకా దిద్దలేదు. పట్టికలో తెరిచే ఉన్నది.